ఆగితే ఆగే మెషిన్

జూన్ 14, ఆదివారం మధ్యాహ్నం

వదిన గారికి మీ మరదలు చేతులు జోడించి రాస్తున్నది.

మీరు, అన్నయ్య గారు, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అన్నయ్య గారి మోకాలి కట్టు విప్పేశారని తెలిసి సంతోషించాము. ఫోన్లో అయితే నా మాట సగంలో ఉండగానే మీరు అందుకుంటారు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కోపం వస్తే చివరిదాకా చదివాకే తెచ్చుకోండి.

మీరు పంపిన ట్రెడ్‌మిల్ చేరింది. మా మూడో అంతస్తుకు లిఫ్టు లేదు కదా, ఇద్దరు మనుషులు దాన్ని మోసుకొస్తూ మెట్ల మలుపులో ఇరుక్కుపోయారు. పైకి పోదు, కిందికి రాదు. ఆ గోలకు బిల్డింగులో ఉన్న తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఇది ఎవరి కోసం అని ఒక్కరు కూడా అడగలేదు. మెషిన్ వంక చూశారు, నా వంక చూశారు, వాళ్లకు అర్థమైపోయింది. ముందు గదిలో బట్టలు కత్తిరించే బల్ల పక్కకు జరిపి దానికి చోటిచ్చాను. దానితోపాటు మీరు పంపిన చీటీ కూడా చదివాను. రోజూ పొద్దున్నే పరిగెత్తాలనీ, వారం వారం తూకం మెషిన్ మీద నిలబడి ఫోటో తీసి పంపాలనీ రాశారు.

ఆ ట్రెడ్‌మిల్ ఇప్పుడు మా ఇంట్లో లేదు. షాపుకు తిప్పి పంపి, దాని బదులు సైకిల్ మెషిన్ తెచ్చుకున్నాం. మీకు చెప్పకుండానే చేశాను. చెబితే వద్దంటారని తెలుసు. ఇందుకు క్షమాపణ అడగడం లేదు వదిన గారూ, జరిగింది చెబుతున్నానంతే.

మీ మీద గౌరవంతో ముందు దాని మీదకు ఎక్కాను. ఎక్కి నడిచాను, కొంచెం పరిగెత్తాను కూడా. కింది ఇంటి లాయరు గారు పైకొచ్చి, ఏం కూలుతోందమ్మా అని చాలా మర్యాదగా అడిగారు. చప్పుడు సంగతి పోనివ్వండి, కింద దుప్పటి మడిచి వేస్తే తగ్గేది. నాకు నచ్చనిది వేరే ఉంది. దాని మీద మనం ఆగినా అది ఆగదు. కాలు తడబడినా, కళ్లు తిరిగినా, మీట ఎక్కడుందో వెతుక్కునేలోపే వెనక్కి ఈడ్చుకుపోతుంది. ఎర్ర తాడు ఒకటి ఉంది, చొక్కాకు తగిలించుకుంటే మనిషి పడ్డప్పుడు అది ఊడి మెషిన్ ఆగిపోతుందట. పడ్డాక ఆగితే ఏం లాభం చెప్పండి?

షాపు యజమాని కండలు తిరిగిన మనిషి. తిప్పి ఇస్తామంటే వెంటనే ఒప్పుకోలేదు. బరువు తగ్గడానికి దీన్ని మించింది లేదనీ, పరుగులో కరిగినంత కొవ్వు ఇంకెందులోనూ కరగదనీ పాఠం చెప్పాడు. అది నిజమే అయ్యుంటుంది. అయినా మిగతావన్నీ చూపించమన్నాను. మీ తమ్ముడు నా చెప్పులు, హ్యాండ్‌బ్యాగు పట్టుకుని వెంట నడుస్తుంటే, నేను ఒక్కొక్కటీ ఎక్కి దిగాను.

ఒకటేమో రెండు పెడళ్ల మీద నిలబడి, రెండు చేతికర్రలు పట్టుకుని గాల్లో నడిచేది. దాన్ని ఎలిప్టికల్ అంటారట. మోకాళ్లకు హాయిగానే ఉంది కానీ, దాని మీద నుంచి దిగడం కదిలే బస్సులోంచి దిగినట్టే ఉంది. ఇంకొకటి పడవ నడిపే మెషిన్. నేలకు ఆనుకుని కూర్చుని తాడు లాగాలి. ఒళ్లంతా పనిచేస్తుంది, నిజం. నాలుగుసార్లు లాగేసరికి నా గుండె చెవుల్లో కొట్టుకుంది, లేవడానికి షాపు అమ్మాయి చెయ్యివ్వాల్సి వచ్చింది. మామూలు సైకిల్ మెషిన్ సీటు చూస్తే నవ్వొచ్చింది. ఎవరి కొలతలు తీసుకుని చేశారో గానీ, నా దగ్గర కుట్టించుకునేవాళ్లలో ఒక్కరు కూడా అందులో పట్టరు.

చివర్లో మూలన ఉన్నది చూశాను. కుర్చీలా వెన్ను ఆనుకునే వీలుంది, పెడళ్లు ముందుకున్నాయి. కూర్చుని తొక్కాను. కాళ్లు ఆపాను. అదీ ఆగింది. పిడి పట్టుకుంటే గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో ఎదురుగా అంకెల్లో కనబడుతుంది. ఇదే కావాలన్నాను.

యజమాని ముఖం చిట్లించాడు. "ఇది పెద్దవాళ్ల కోసమమ్మా. దీని మీద మీరు తగ్గాలంటే ఏళ్లు పడుతుంది" అన్నాడు.

"పట్టనివ్వండి. మాకు కావలసింది ఏళ్లే" అన్నాను.

సీటు ఎత్తు సరిపోతుందో లేదో చూద్దామని మీ తమ్ముడు కూడా ఒకసారి కూర్చున్నారు. డ్రిల్లు మాస్టారికి ఇలాంటివి ఎందుకు సార్ అని యజమాని నవ్వగానే, ఎవరో లేపినట్టు చటుక్కున లేచి నిలబడ్డారు.

ఇక అసలు విషయం. మీ మనవరాలి పుట్టినరోజున అందరం భోజనాలకు కూర్చున్నప్పుడు మీరు నన్ను ఒక మాటన్నారు. "నీ వాటా నువ్వు తిని, వాడి వాటా కూడా నువ్వే తింటున్నట్టున్నావు. మా వాడు చూడు ఎలా వాడిపోయాడో" అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం కంచంలోంచి తల ఎత్తలేదు. ఆ రోజు మీ ఇంట్లో, మీ అతిథుల మధ్య మాటకు మాట అనడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఈ రోజు ఊరుకోను.

నేను లావుగా ఉన్నాను. కొలిచే టేపు నా మెళ్లోనే వేలాడుతుంది, నా సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఎంతమంది ఆడవాళ్లకు కొలతలు తీశానో. టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోని మనిషిని ఇంతవరకు చూడలేదు. ఊపిరి వదలమ్మా, నీకు సరిపోయేట్టు కుడతాను, బట్టకు సరిపోయేట్టు నువ్వు మారక్కర్లేదు అని రోజూ వాళ్లకు చెప్పే మనిషిని నేను. మీ ముందు ఊపిరి బిగబట్టి నిలబడలేను.

పొద్దున పూట కాసేపు నేనూ ఆ సైకిల్ తొక్కుతున్నాను. కుట్టు మిషన్ దగ్గర నుంచి లేచినప్పుడు నడుం మునుపటిలా పట్టేయడం లేదు, నిద్ర బాగా పడుతోంది. బరువు మాత్రం ఉన్నచోటే ఉంది. తూకం మెషిన్ మీద ఫోటో మీకు రాదు. ఈ వారం రాదు, ఏ వారమూ రాదు. నలుగురిలో నా ఒంటి గురించి మాట్లాడవద్దు. ఇంకోసారి అంటే కంచం ముందు నుంచి లేచి వచ్చేస్తాను, ఆయన కూడా నాతోనే లేస్తారు.

అన్నయ్య గారికి నమస్కారాలు. మనవరాలికి గౌను కుట్టి ఉంచాను. ఎదిగే పిల్ల కదా, మడత లోపల గుడ్డ ఎక్కువే వదిలాను.

ఇట్లు,
మీ మాట వినని మరదలు

తా.క.: ఉత్తరం అంటించబోయే ముందు ఆయనకు చదివి వినిపించాను. కాగితం నా చేతిలోంచి తీసుకుని తనే ఇంకోసారి చదువుకున్నారు. తర్వాత, "అక్కకి ఉన్నది ఉన్నట్టు రాసెయ్. ఇంక నావల్ల కాదు" అన్నారు. అందుకని ఈ నాలుగు ముక్కలు.

ఆ సైకిల్ మీ తమ్ముడి కోసం, వదినా. పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు, స్కూలు మైదానంలో డ్రిల్లు చేయిస్తూ ఆయన ఉన్నట్టుండి నేల మీద కూర్చుండిపోయారు. అదీ వ్యాయామమే అనుకుని పిల్లలంతా వరసగా కూర్చున్నారట. గుండె నొప్పి అది. ఆస్పత్రిలో స్టెంటు వేశారు. ఇప్పుడు ప్రమాదం లేదు, నా మాట నమ్మండి. రోజూ నెమ్మదిగా వ్యాయామం చేయాలనీ, ఆయాసం వస్తే ఆ క్షణమే ఆపేయాలనీ డాక్టరు చెప్పారు.

మీకు చెప్పొద్దని ఆయనే బతిమాలారు. అమ్మ పోయాక పెంచింది అక్కే, పరుగు పందేల్లో నేను గెలిచిన కప్పుల్ని ఇప్పటికీ తుడిచి పెట్టుకుంటుంది, ఆవిడ తట్టుకోలేదు అన్నారు. సరేనన్నాను. మీరు నన్నన్న మాటకు ఇంటికొచ్చాక ఆయన ఏడిస్తే, అలాగే అనుకోనివ్వండి, నాకేం కాదు అని సముదాయించింది కూడా నేనే.

అయితే ట్రెడ్‌మిల్ వచ్చిన మర్నాడు, అక్క పంపింది కదా అని ఆయన బూట్లు వేసుకుని దాని మీద పరిగెత్తడానికి సిద్ధమయ్యారు. చెయ్యి పట్టుకుని కిందికి దించాను. అది ఇంట్లోంచి పోవాలని ఆ నిమిషమే అనుకున్నాను.

ఈ ఉత్తరం అందగానే మీరు బయలుదేరతారని తెలుసు. రండి. ఆయన ముందు మాత్రం ఏడవకండి. ఏడుపొస్తే వెనక గదిలోకి రండి, తలుపు వేస్తాను. నేనూ అక్కడే ఏడ్చాను.