బీరకాయ కూరలో ఉప్పు

అనసూయా,

తెల్లవారకముందే ముసురు పట్టింది. చిలకలగూడ సందులన్నీ బురద. నువ్వు పోయి నేటికి ఏడాది కాబట్టి పనికి సెలవు పెట్టాను. ఇల్లు తుడిచి, నీళ్లు పట్టి, బీరకాయలు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నువ్వు పోయాక మీ అమ్మకు తిండి సయించడం లేదు. నిన్న మీ తమ్ముడు కాజీపేట నుంచి వచ్చాడు.

"అమ్మను తీస్కపోత బావా. చూడు, ఎట్ల ఎండిపోయిందో" అన్నాడు.

"జెర ఆగు. రేపు బీరకాయ వండుత. కడుపునిండ తింటే ఈడనే ఉండనియ్యి" అన్నాను. ఆమె కూడా పోతే ఈ ఇంట్లో నీ పేరెత్తేవాళ్లుండరు.

నీలాగే ప్రతి కాయ చివరా కోసి, చేదుందేమోనని నాలుక మీద వేసి చూశాను. నీళ్లు పొయ్యలేదు. గిన్నెడు ముక్కలు కనిపించేసరికి దానికి తగ్గ ఉప్పు వేశాను. మగ్గాక కూర గిన్నె అడుక్కి దిగింది. నువ్వు ముక్క మగ్గాకే ఉప్పు వేసేదానివని అప్పుడు గుర్తొచ్చింది. పాలు పోసి మళ్లీ ఉడికించినా ఉప్పు తగ్గలేదు.

మీ అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఏందయ్యా అల్లుడా, ఉప్పు బస్తా పొర్లిందా?" అని నవ్వింది. నా మొహం చూసి ఇంకో ముద్ద మింగింది. మూడోది చేతిలో పట్టుకుని, తినలేక కంచంలో పెట్టేసింది.

"పోనియ్ బిడ్డా, నువ్వేం జేస్తవ్" అంది.

మీ తమ్ముడు లేచి ఆమె చీరలు సంచిలో సర్దాడు. సాయంత్రం బండికి ఇద్దరూ కాజీపేట వెళ్లిపోయారు.