మేలు మరువని బిడ్డ

శాన్ ఎలాడియో, జూన్ 3

దయాసముద్రులు, పట్టణపిత కల్నల్ ఎవారిస్తో కింతానా గారి సముఖానికి,

(పై పంక్తి మీ స్టాంపు కాగితం మీద అచ్చేసి ఉంది. నాది కాదు. కింద సంతకం ముందున్న ముక్కా నాది కాదు. కొట్టేస్తే కాగితం చెల్లదట!)

రొట్టెలు కాల్చే మా నికానోర్ మామయ్యని అన్యాయంగా జైల్లో వేయించింది మీరు. ఆయన చేసిన నేరమేమిటి? మీరు మధ్యాహ్నం కునుకు తీస్తుంటే, వీధిలో బల్ల మీద డొమినో బిళ్ళ గట్టిగా కొట్టాడు. గెలిచేవాడు బిళ్ళకి ముద్దుపెట్టి మెల్లగా పడుకోబెడతాడా? మా తాతలనాటి నుంచీ ఆటంటేనే ఆ చప్పుడు! నేను కరపత్రాలు చదివినవాణ్ణి. నియంతంటే ఎవరో నాకు తెలుసు: తన నిద్రని ఊరికి చట్టం చేసేవాడు. మామయ్యని వదలండి. లేదంటే ఆదివారం ఐదింటికి బ్యాండు మంటపం దగ్గర ఊరంతా చేరుతుంది!

తమ మేలు మరువని బిడ్డ,
లిసాండ్రో ఒబాండో

తా.క.: 'బిడ్డ' కూడా అచ్చే.

*

పట్టణ కార్యాలయం, జూన్ 8

చిరంజీవి లిసాండ్రోకి ఆశీస్సులు.

నీ కృతజ్ఞతాపత్రం అందింది. అభినందనల కట్టలో భద్రపరిచాం.

ఇట్లు,
ఫెలీసితాస్ బారేదా, గుమాస్తా

తా.క.: ఆదివారం కిటికీలోంచి చూశాను. ఊరంతా అంటే నువ్వూ, పల్లీలమ్మే ముసలాయనా అని తెలియక కంగారుపడ్డాను.

*

జూన్ 9

దయాసముద్రులు, పట్టణపిత... (మళ్ళీ అచ్చే!)

అమ్మా గుమాస్తా గారూ, మొదటి పంక్తీ చివరి పంక్తీ చూసి కట్టేస్తున్నారు. మధ్యలో ఉన్నదే ఉత్తరం! అది కృతజ్ఞత కాదు, తిట్టు. ఇంట్లో అత్తయ్య చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఏడుస్తోంది. నాకు కాలు నిలవడం లేదు. జనం రాలేదంటే పిరికితనం. ఇంత పిరికి జనం ఉంటే నియంతకి సిపాయిలెందుకు? ఈ ఆదివారం మళ్ళీ ఐదింటికే!

తమ మేలు మరువని బిడ్డ,
లిసాండ్రో

తా.క.: ఆ ముసలాయన వచ్చింది పల్లీలమ్ముకోడానికి. కొన్నది నేనే.

*

పట్టణ కార్యాలయం, జూన్ 15

చిరంజీవి లిసాండ్రోకి,

రెండో పత్రం మరీ ఆప్యాయంగా ఉంది. 'ఈ నెల ఉత్తమ కృతజ్ఞుడు'గా నిన్ను ఎంపిక చేశాం. పతకం పంపిస్తున్నాం.

ఫెలీసితాస్ బారేదా

తా.క.: ఈసారి నీ సభకి ఒక కుక్క అదనం. ఉద్యమం పెరుగుతోంది.

మరో తా.క.: రొట్టె లేక కల్నల్ గారు రోజూ కేకలు. "ఆ నికానోర్ ఏమై చచ్చాడు?" అంటారు. "తమరే లోపలేయించారు" అని చెప్పే ధీరుడు ఆఫీసులో లేడు.

*

జూన్ 16

దయాసముద్రులు... (చేతులు కాలుతున్నాయి ఈ కాగితం పట్టుకుంటే!)

నాకు పతకమా! వీధిలోకి వెళ్తే "ఏరా, కల్నల్ గారి ముద్దుబిడ్డా, పాలు తాగావా?" అంటున్నారు. అమ్మా, మీకు దణ్ణం పెడతాను. నా ఉత్తరం ఒక్కసారి ఆయన చెవిన వేయండి. నన్నూ మామయ్య పక్కన పడేసినా సరే.

తమ మేలు మరువని బిడ్డ,
లిసాండ్రో

తా.క.: పతకం కుక్క మెడలో వేశాను. దానికే నప్పింది.

*

జూన్ 17

నాయనా లిసాండ్రో,

ఇది తెల్ల కాగితం. ఇందులో ప్రతి ముక్కా నాదే.

నీ ఉత్తరాలు అక్షరం వదలకుండా చదివాను. ఫిర్యాదుల కట్టలో పెడితే సాయంత్రానికి సార్జెంటు నీ గుమ్మంలో ఉంటాడు. అందుకే పదకొండేళ్ళుగా ఊరి ఫిర్యాదులన్నీ అభినందనల కట్టలోనే దాస్తున్నాను. నూట నలభై మూడున్నాయి. పిరికి జనమని తిట్టావే, వాళ్ళు రాసినవే.

ఈ ఆదివారం, కల్నల్ గారికి ఏ పునీతుడి పేరు పెట్టారో ఆ పునీతుడి పండుగ. వచ్చిన అభినందనలన్నీ మంటపం మీద చదివిస్తారట. కళ్ళజోడు పెట్టుకోడం ఆయనకి నామోషీ, కాబట్టి చదివేది నేను. మొదట చదివే ఉత్తరం రాసినవాడి కోరిక, పండక్కొచ్చే బిషప్పు గారి ఎదుటే తీరుస్తానని చాటింపు కూడా వేయించారు.

మొదటి ఉత్తరం నీది.

జనం రారని బెంగపడకు. ఈసారి రానివాళ్ళకి జైలని కల్నల్ గారే ఆజ్ఞ వేశారు. డొమినో బిళ్ళలు తెచ్చుకోమని అందరికీ చెప్పు. నేను చదవడం ఆపగానే చప్పట్లకి బదులు అవే మోగాలి.

నీ మేలు కోరే,
ఫెలీసితాస్

తా.క.: నూట నలభై మూడింటిలో ఘాటైన తిట్లు నీవి కావు, పల్లీలాయనవి. ఆయన దగ్గర నేర్చుకో. ఆదివారం, సాయంత్రం ఐదింటికి, బ్యాండు మంటపం దగ్గర.