తువ్వాల కింద ఉంగరం

ఆగస్టు 3, 2025. మదనపల్లె

స్మార్ట్‌వాచ్ చారు గిన్నెలో దొరికింది.

అది తేజస్విని కొనిచ్చిన వాచ్. తాత గుండె లయ తప్పుతోందని డాక్టరు చెప్పిన పూటే బెంగళూరులో కూర్చుని ఆర్డర్ పెట్టేసింది. నా కూతురికి భయమేస్తే ఏడవదు, ఆర్డర్ పెడుతుంది. నేను కాలేజీలో బాటనీ పాఠం చెప్పుకుంటూనే నాయన గుండె ఎలా కొట్టుకుంటోందో ఫోన్లో చూసుకోవచ్చని దాని ప్లాన్. బాగానే ఉంది కానీ, ఆ వాచ్ ఊరుకోదే! చెయ్యి కదిపితే వెలుగుతుంది, కాసేపటికోసారి గుర్రుమంటుంది. నిన్నైతే టైమ్ టు స్టాండ్ అని మెసేజ్ పెట్టింది. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయిన మనిషికి! నాయన దాన్ని, ముసలెద్దును కోడె అని అంటగట్టబోయేవాణ్ణి చూసినట్టు చూశాడు. ఈరోజు పళ్ళతో స్ట్రాప్ లాగి చారులో పడేశాడు.

నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

స్ట్రోక్ వచ్చాక నాయనకు మాట పోయింది. సూడు అనే మాట ఒక్కటే మిగిలింది. నీళ్ళు కావాలన్నా సూడు, చాలన్నా సూడు. నా పేరు మాత్రం రాదు. అసలు నన్ను ఎవరనుకుంటున్నాడో తెలియదు. కూతురిననా, నర్సుననా? డాక్టరును అడిగితే చెప్పలేమమ్మా, ఓపిక పట్టండి అన్నాడు. ఓపిక పట్టడం ఆయనకేం, సులువే.

ఆగస్టు 5

తేజు ఫోన్. వాచ్ వద్దులే అమ్మా, రింగ్ తెప్పిస్తాండా అంది. స్మార్ట్ రింగంట. స్క్రీన్ ఉండదంట, మోగదంట, ఒకసారి చార్జ్ పెడితే వారం దాకా వస్తుందంట. స్నానానికి తీయక్కర్లేదంట. తాతకు ఉంగరం అలవాటే కదమ్మా, పెట్టుకున్నట్టే తెలీదు అంది.

అలవాటే. ఆ మాట దగ్గర ఆగిపోయాను.

ఆగస్టు 9

సైజు చూసుకోమని ముందు ప్లాస్టిక్ ఉంగరాల డబ్బా ఒకటి వచ్చింది. ఎడమ చేతికి ఒక్కొక్కటే తొడిగి చూశాను. వేళ్ళెంత సన్నబడిపోయాయో! కుడి చూపుడు వేలు మొదట్లో పాత వెండి ఉంగరం గాడి ఇంకా ఉంది. ఆస్పత్రిలో స్కాన్‌కు ముందు తీయించి నేనే బీరువాలో పెట్టాను. ఇప్పుడు తొడిగితే జారిపోతోంది.

నాయన పేరు దొరస్వామి అంటే గుడుపల్లె చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. బేరం దొరప్ప అంటే కుప్పం పశువుల సంతంతా తెలుసు. ఎద్దు నోరు తెరిచి పళ్ళు చూసి వయసు చెప్పాడంటే ఇక ఎదురు చెప్పేవాడు లేడు. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆయన భుజాల మీద కూర్చుని సంతకు వెళ్ళేదాన్ని. పేడ, దుమ్ము, ఎద్దుల మెడలకు రాసిన ఆముదం, అన్నీ కలిసిన ఆ వాసన ఇప్పుడు ఎక్కడొచ్చినా నా కాళ్ళు ఆగిపోతాయి.

ఆగస్టు 14, సాయంత్రం

రింగ్ వచ్చింది. నల్లగా, నున్నగా, సాదా ఉంగరంలాగే ఉంది. నాయన అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. పారేయలేదు. సూడు అన్నాడు, మెచ్చుకున్నట్టే అనిపించింది.

ఎంత ప్రశాంతంగా ఉందో! అది వెలగదు, ఆజ్ఞలు వేయదు. తన పని తాను చేసుకుంటూ పోయే మనిషిలా ఉంది. ఇక నిశ్చింతగా క్లాసులకు వెళ్ళొచ్చు.

ఆగస్టు 17

తీసేశాడు.

ఆగస్టు 20

రోజూ ఇదే తంతు. నేను ఎదురుగా కూర్చోగానే పళ్ళతో రింగ్ లాగి ఒళ్ళో పెట్టుకుంటాడు. ఎడమ చెయ్యి నా వైపు చాపుతాడు. నీళ్ళా? సూడు. రిమోటా? సూడు. మాత్రా? సూడు, సూడు! కోపం వస్తుంది ఆయనకు. నాకూ వస్తుంది.

నేను కాలేజీకి వెళ్ళినప్పుడు నాయన దగ్గర కూర్చునే పక్కింటి బయ్యమ్మ వచ్చి చూసింది. నేను కూసుంటే తీయనే తీయడు ఉషమ్మా, నిన్ను సూస్తేనే తీస్తాండాడు, నీమీద యాల అంత కోపం అంది. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అందరి దగ్గరా పెట్టుకుని నా దగ్గరే తీస్తున్నాడంటే నేనెవరో పరాయిదాన్ననుకుంటున్నాడా?

ఈరోజు అరిచేశాను. ఏం నాయనా, నీ గుండె ఆగిపోతే నాకు తెలియొద్దా అని. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఛీ, నా నోరు పడిపోను.

ఆగస్టు 24, మధ్యాహ్నం

అంట్లు ఇంకా తోమలేదు. అయినా రాస్తాను.

అన్నం తినిపించి మూతి తుడుస్తుంటే మళ్ళీ రింగ్ తీశాడు, చెయ్యి చాపాడు. నా భుజం మీది తువ్వాల జారి ఆయన చేతిమీద పడింది. తీయబోయాను. తీయనివ్వలేదు. తువ్వాల కిందనుంచే నా చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు.

సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాల కప్పి, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకుని బేరమాడతారు. ఎన్ని వేళ్ళు పడితే అంత. అరచేతిలో గోటితో గీరితే కుదరదని అర్థం. వేళ్ళు తేటగా తెలియాలని నాయన బేరానికి ముందు వెండి ఉంగరం తీసి జేబులో వేసుకునేవాడు. బేరం కుదిరాకే మళ్ళీ తొడుక్కునేవాడు. దొరప్ప ఉంగరం పెట్టినాడు, ఇంక తెగిపోయినట్టే అనేవాళ్ళు చుట్టూ నిలబడినవాళ్ళు.

మాకిద్దరికీ ఒక బేరం ఉండేది. సంత అయ్యాక తువ్వాల కప్పి చెయ్యి చాపేవాడు. పళ్ళకు అంటుకుపోయే బెల్లం కమ్మరకట్ల కోసం. నేను అయిదు వేళ్ళూ పట్టుకునేదాన్ని. ఆయన ఒకటే పట్టుకునేవాడు. గీరుకుని, గీరుకుని, ఎప్పుడూ మూడుకే తెగేది. అబ్బా, ఓడిపోయినానే అని తలబట్టుకునేవాడు.

ఇన్ని రోజులూ ఈ మనిషి నాతో మాట్లాడుదామని చెయ్యి చాపుతుంటే, నేను రిమోట్ ఇస్తున్నాను!

సరే నాయనా, నువ్వు రింగ్ పెట్టుకోవాలి, దానికి నీకేం కావాలి అన్నాను. నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. నాలుగేమిటి? దోసెలా? గీరాడు. తేజును పిలిపించాలా? గీరాడు. ఏమేమో అడిగాను. చివరికి, సంతకా, ఇక్కడికి దగ్గరి పుంగనూరు సంతకా అన్నాను. నా చెయ్యి నలిగిపోయేలా బిగించాడు.

వారానికొకటి చొప్పున నెలకు నాలుగు సంతలు కావాలట! నేను ఒక్క వేలు పట్టుకున్నాను. గట్టిగా గీరాడు. మూడు పట్టుకున్నాడు. నేనూ గీరాను. రెండుకు తెగింది. రింగ్‌ను మోకాలి మీద నిలబెట్టి, తంటాలు పడి, తనే వేలు దూర్చుకున్నాడు. అప్పుడు నవ్వాడు, ఒక పక్కకే అయినా.

బయ్యమ్మ చూస్తూ నిలబడింది. ఏందమ్మా ఇది అంది. బేరం అన్నాను.

వెంటనే తేజుకు ఫోన్ చేసి చెప్పాను. ఈసారి ఏమీ ఆర్డర్ పెట్టలేదు.

ఆగస్టు 27

బేరం ఒప్పుకున్నాక బేరమే. రింగ్ తీయలేదు. చార్జింగ్‌కు కూడా నేనే బతిమాలి తీసుకోవాల్సి వచ్చింది.

అయినా ఒక మాట రాసుకోవాలి. సంతలో బేరం ఎవరితోనైనా ఆడొచ్చు. ఎదుటివాడి పేరు తెలియక్కర్లేదు.

సెప్టెంబరు 8, పుంగనూరు నుంచి వచ్చాక

లీవు పెట్టి, కారు మాట్లాడి తీసుకెళ్ళాను. డాక్టరును అడిగే వెళ్ళానులే. నాయన కారు దిగీ దిగకముందే ముక్కు ఎగబీల్చాడు. కళ్ళల్లో నీళ్ళు. దుమ్మంటే దుమ్మే అనుకుందాం.

సంత మారిపోయింది. ఫోన్లో ఫొటోలు చూపించుకుంటున్నారు, ధర కూడా ఫోన్లోనే కొట్టి చూపిస్తున్నారు. తువ్వాలలు భుజాల మీదే ఉన్నాయి. నాయన అన్నీ చూశాడు. ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, కుప్పం దొరప్పవా నువ్వు, ఉండావా ఇంకా అని నాయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. నాయన సూడు సూడు అంటూనే ఉన్నాడు. వీల్‌చైర్లోనుంచే ఒక కోడె నోరు తెరిపించుకుని పళ్ళు చూశాడు. అమ్మేవాడి మొహం మాడిపోయింది.

కమ్మరకట్ల కోసం నేను అంగడంగడికీ తిరిగాను. ఎక్కడా లేవు. నాయనకు చెప్పలేదు. ఆయనకు అవి గుర్తున్నాయో లేదో.

సెప్టెంబరు 9, ఉదయం

నాయన నా భుజం మీది తువ్వాల లాగాడు. రింగ్ తీయలేదు. అంటే బేరం కాదు.

తువ్వాల కింద నా మూడు వేళ్ళు పట్టుకున్నాడు.

నేను కమ్మరకట్ల కోసం బజారుకు వెళ్తున్నాను.