అద్దం వెనక స్క్రూ

సోమవారం, ఉదయం 9.10
ఇవాళ్టి నుంచి అయిదు రోజులు అద్దం వెనక స్క్రూ ముట్టుకోను. ఒట్టు!
పనల్లా ఒకటే. ఈ బుల్లి అద్దం వెంట్రుక మందంలో కోటోవంతు కదిలినా లేజర్‌తో పట్టుకోవాలి. వెలుతురుకి పుట్టుకతోనే కొంత వణుకుంటుంది. క్వాంటమ్ పద్ధతిలో దాన్ని ఒకవైపు నొక్కేస్తాం. ఇంకోవైపు ఉబ్బుతుంది, ఉబ్బనీ! వణుకు ఇప్పటికే సగానికి తగ్గింది!!
శుక్రవారం దాకా చెయ్యి పడని రీడింగులొస్తే థీసిస్. లేదంటే లేజర్ పక్క ల్యాబ్‌కి, నేను ఇంటికి. పీహెచ్‌డీలో ఇది ఏడో ఏడు. మా అమ్మాయి బళ్ళో అందరికీ "మా నాన్న ఇంకా పాసవలేదు" అని చెబుతోందట.

సాయంత్రం 4.00
ముట్టుకోలేదు. ఋషులు నా ముందు బలాదూర్.

మంగళవారం
10.00 అద్దం ఉన్న పెట్టె మూత తీసి చూశాను. చూడ్డం ముట్టుకోవడం కాదు.
10.20, 10.45, 11.00 మళ్ళీ చూశాను.
11.30 తెరమీద వణుకు కొలిచే గీత పైకి లేచింది. వణుకు పెరిగింది. ఎందుకూ?
టెక్నీషియన్ అక్క: "చేతులు జేబులో పెట్టుకో తమ్ముడూ. కుదిరితే కుట్టించేసుకో."

బుధవారం
అనుమానితులు: ఏసీ. లిఫ్టు. పై అంతస్తులో కుర్చీలు ఈడ్చేవాళ్ళు. అక్క తుమ్ము.
నేను మాత్రం కాదు. రోజంతా పక్కనే కాపలా కూర్చున్నాను కదా!

గురువారం
11.15 గీత ఇంకా పైకి. ఇసుమంత తిప్పితే చాలు. అది ముట్టుకోవడం కాదు, సవరణ.
11.17 తిప్పాను.
11.18 లేజర్ వెలుతురు మాయం.
11.19 వెనక్కి తిప్పాను. ముందు ఎటు తిప్పానో గుర్తులేదు.
11.40 రెండో స్క్రూ కూడా తిప్పాను. చచ్చాను.
12.30 మెట్లమీద కూర్చుని ఏడ్చాను. పిల్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

శుక్రవారం, మధ్యాహ్నం 2.00
గైడ్‌కి నిజం చెప్పేశాను. ఆయన అరవలేదు. వారం మొత్తం గ్రాఫు ముందు పరిచారు.
"నువ్వు భోజనానికెళ్ళిన గంటలు చూడు. ఇంటికెళ్ళిన గంటలు చూడు."
గీత హాయిగా పడుకుని ఉంది. నేను మూత తీసిన ప్రతిసారీ లేచింది.
"స్క్రూకేం రోగం లేదయ్యా. నీ ఒంటి వేడి, నీ ఊపిరి, నీ ఆత్రం. ఆ గదిలో నువ్వే ఎక్కువ."
లేజర్ ఇంకొక్క వారం ఉంచుతారట. అదే ఆఖరు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

సోమవారం
9.00 కొత్త ఒట్టు! అక్క అన్నీ సరిచేసి గదికి తాళమేసింది. తాళంచెవి ఆవిడ దగ్గరే. పై అంతస్తు నుంచి గీతను ఆవిడే చూస్తుంది. అయిదు రోజులు నేను లోపల అడుగు పెట్టను.
9.25 తాళం సరిగ్గా పడిందో లేదోనని తలుపు ఒకసారి లాగి చూశాను. పడింది.
9.26 ఎందుకైనా మంచిదని ఇంకోసారి.
9.27 అక్క ఫోను: "గీత లేచింది తమ్ముడూ. తలుపు వదులు."
9.30 సరే. అయిదు రోజులు ఇప్పట్నుంచి లెక్క.