కాళ్ల చేపలకు మేత

బందరు

బావా,

నీ ఉత్తరం మొన్న గురువారం అందింది. ఇక్కడ నేనూ, పాపా, అత్తయ్యా కులాసాగానే ఉన్నాం. ఆ జైల్లో నీ ఒంట్లో ఎలా ఉందోనన్నదే మా దిగులు. బోటు మన నీళ్లు దాటిందని అవతలి దేశంవాళ్లు మిమ్మల్ని పట్టుకుని ఈ నెలతో పద్నాలుగు నెలలు.

నువ్వు అడిగినవన్నీ చెబుతాను. అత్తయ్య మోకాలు అలాగే ఉంది. జ్యోతిర్మయి నాలుగో తరగతికి వచ్చింది. దానికోసం నువ్వు చెన్నై నుంచి తెచ్చి గాజు తొట్టెలో వేసిన ఆ రెండు ఆక్సోలాటల్స్‌ని, నాలుగు కాళ్లున్నాయని వీధిలో ఇంకా కాళ్ల చేపలనే అంటున్నారు. మేత సంగతి నువ్వు చెప్పినట్టే. రెండు రోజులకోసారి వానపాము, మధ్యలో కొట్లో దొరికే మేత గుళికలు, ఎప్పుడన్నా ఉప్పు తగలని చెరువు రొయ్య చిన్న ముక్క. వాటి తలకంటే వెడల్పు ముక్క ఎప్పుడూ వెయ్యలేదు. తినగా మిగిలింది వెంటనే తీసేస్తున్నాం. నీళ్లు వేడెక్కకుండా పాప ఐసు సీసాలు పెడుతోంది.

వానపాములు ఘంటసాల నుంచి వెంకాయమ్మ పిన్ని తన ఎరువు గుంటలోవి పంపేది. మొన్నటి వానలకి ఆ గుంట మునిగిపోయింది. గుళికలూ అయిపోయాయి.

ఇక దాచలేను బావా. జైలు నుంచి విడుదలయ్యేవాళ్ల పేర్లు మత్స్యశాఖ ఆఫీసులో చదివారు. ఎనిమిది మంది. నీ పేరు లేదు.

"మళ్లీ చూడండి బాబూ, మా ఆయన పేరు నాగబాబు" అన్నాను.

"లేదమ్మా. ఇంకో జాబితా వస్తుందని కూడా చెప్పలేం" అన్నాడాయన.

అక్కణ్ణుంచి ఎండుచేపల గంపతో మొవ్వ వెళ్లాను. శ్యాంబాబు గారి చేను గట్టున వానపాములు కనపడ్డాయి. "మందు కొట్టారాండీ?" అని అడిగాను కూడా. "నిన్ననే కొట్టామమ్మా" అన్నారు. విన్నాను. అయినా తవ్వి తెచ్చాను. మూడు నీళ్లతో కడిగితే పోతుందిలే అనుకున్నాను. ఇంక ఏమైతే ఏముందిలే అని కూడా అనిపించింది. అదీ నిజమే.

పాపే తన చేత్తో రెండింటికీ వేసింది. తెల్లారేసరికి పెద్దది వెల్లకిలా తేలింది. "నేను పెద్ద ముక్క వేశానా అమ్మా?" అని ఒకటే ఏడుపు. "ఉక్కకి నీళ్లు వేడెక్కి చచ్చిపోయిందే" అన్నాను. అప్పట్నుంచి బడి మానేసి రెండోదాని దగ్గరే కూర్చుంటోంది. అది ఆరు రోజులుగా నోరు తెరవడంలేదు. మెడ పక్కన ఎర్రటి మొప్పల కుచ్చులు తెల్లబడి వాలిపోయాయి.

నువ్వొచ్చి నీ చేత్తో మేత పెడతానని రాశావు. అంతదాకా ఉండదు.

పాపకి నిజం చెప్పాలో వద్దో రాయి. నీ జవాబు రావడానికి మూడు నెలలు పడుతుందని తెలుసు. నాన్న ఎప్పుడొస్తాడని అడిగితే ఏం చెప్పాలో అదీ రాయి. దాని ముఖం చూస్తూ ఇంకో అబద్ధం ఆడలేను.

ఇట్లు,
నీ భార్య,
లక్ష్మీదుర్గ