వీధి సంతకాలతో సర్టిఫికెట్

బామ్మర్దికి ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా, నా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ తప్ప. ఖాళీ కుర్చీల దుమ్ము దులపడమే ఉద్యోగమైపోయింది. మా వీధి చివర బడివాళ్లు ల్యాబ్‌లో పాత సాఫ్ట్‌వేర్ తీసేసి, ఏదో ఓపెన్ సోర్స్‌ది పెట్టారట. అది నేర్పే మనిషి కోసం చూస్తున్నారు. "అది తయారుచేసే సంఘం సర్టిఫికెట్ ఉంటే రేపే చేరండి" అంది హెడ్‌మిస్ట్రెస్. వాకబు చేస్తే ఆ సంఘంలో నువ్వే ఉన్నావట! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఈ ఉద్యోగం రాకపోతే ఇన్‌స్టిట్యూట్‌కి తాళమేరా. వెంటనే ఒక సర్టిఫికెట్ పంపు.

ఇట్లు,
మీ బావ

తా.క.: ఫ్రేము ముందే కొనేశాను. సైజు చూసి ప్రింట్ కొట్టించు.

*

బావగారికి నమస్కారాలు.

సర్టిఫికెట్ నా జేబులో ఉండేది కాదండీ. ఈ సాఫ్ట్‌వేర్‌కి యజమాని అంటూ ఎవరూ లేరు. వాడేవాళ్లే కలిసి తయారు చేస్తారు, పాఠాలూ వాళ్లే రాస్తారు. సర్టిఫికెట్ కూడా తోటివాళ్లందరూ ఒప్పుకుంటేనే వస్తుంది. పాఠాల పుస్తకం పంపుతున్నాను. డబ్బేమీ ఇవ్వక్కర్లేదు. కాపీలు తీసి పంచవచ్చు, మీకు నచ్చినట్టు మార్చుకోవచ్చు. రాసినవాళ్ల పేర్లు మాత్రం తీసేయకండి. మీ మార్పుల్ని కూడా ఇతరులు వాడుకోనివ్వండి.

విధేయుడు,
మీ బామ్మర్ది

తా.క.: ప్రస్తుతానికి ఆ ఫ్రేములో అక్క ఫొటో పెట్టండి.

*

బామ్మర్దికి ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే తోటివాళ్లను ఒప్పించాను. టైలర్, మందుల షాపావిడ, సెలూన్ అతను, ముగ్గురూ "ఈయనకు సాఫ్ట్‌వేర్ బాగా వచ్చు" అని సంతకాలు పెట్టారు. కాగితాలు జతచేశాను. అంత తేలిగ్గా ఏమీ పెట్టలేదులే. "తెలియనిదానికి సాక్ష్యం ఎలా చెప్పను మాస్టారూ, అదేమిటో ముందు చూపించండి" అన్నాడు టైలర్. గిరాకీల కొలతలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించుకున్నాకే కలం పట్టాడు. మందుల షాపావిడకి గడువు తీరబోయే మందుల్ని వేరుచేసి చూసుకోవడం నేర్పాల్సి వచ్చింది. సాయంత్రమైతే ఇన్‌స్టిట్యూట్ కిటకిటలాడుతోంది. ఫీజు ఊసెత్తే పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు!

నీ పుస్తకం వాళ్లకిచ్చేసి, నాకు వేరే అచ్చు వేయించుకున్నాను. మార్చుకోవచ్చన్నావుగా? కొరుకుడు పడని చివరి మూడు పాఠాలూ పీకేశాను. పుస్తకం ఎంత హాయిగా ఉందో! రాసినవాళ్ల పేర్లన్నీ ఉంచాను. వాటి పైన నా ఫొటో వేశాను, అంతే.

ఇట్లు,
మీ బావ

తా.క.: మీ అక్క మాత్రం సంతకం పెట్టలేదు. పుస్తకం మొత్తం చదివాకే పెడుతుందట. ఇన్నేళ్ల కాపురంలో నా మాట మీద దేనికి తలూపింది కనుక?

*

బావగారికి నమస్కారాలు.

మీ సంతకాలు చేరాయి. మావాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తోటివాళ్లంటే వీధివాళ్లు కాదండీ బాబూ! సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లు కలిసి ప్రశ్నలు తయారుచేసి పరీక్ష పెడతారు. అందులో పాసవ్వాలి. వచ్చే ఆదివారం మీ ఊరి లైబ్రరీలోనే ఉంది. ఎవరైనా రాయవచ్చు. మీకు దండం పెడతాను, ఆ మూడు పాఠాలూ చదవండి.

విధేయుడు,
మీ బామ్మర్ది

తా.క.: సెలూన్ అతని కాగితానికి గుప్పెడు వెంట్రుకలు అంటుకుని వచ్చాయి. మా కార్యదర్శికి బట్టతల. పాపం, వాటినే చాలాసేపు చూస్తూ ఉండిపోయారు.

*

బామ్మర్దికి ఆశీస్సులు.

ఎవరైనా రాయవచ్చన్న మాట వీధిలో నోరు జారాను. అందరూ షాపులు మూసేసి వచ్చి నా ముందు వరసలో కూర్చున్నారు. సగం ప్రశ్నలు ఆ మూడు పాఠాల్లోవే! ముందే చదువుదామంటే అసలు పుస్తకం వీధంతా తిరిగి మీ అక్క చేతికి చేరింది. అడగడానికి నామోషీ వేసింది.

టైలర్ పాసు, మందుల షాపావిడ పాసు, సెలూన్ అతను కూడా పాసు. నేను తప్పాను. ఏడుపొచ్చిందిరా, అబద్ధమెందుకు? "మీరు నేర్పబట్టే కదా గట్టెక్కాం" అన్నాడు టైలర్. పుండు మీద కారం!

బడి ఉద్యోగం మీ అక్కకొచ్చింది. తనూ పరీక్ష రాసింది, అందరికన్నా ఎక్కువ మార్కులు ఆవిడవే. రోజంతా కుళ్లుకున్నాను. మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌కి తాళం వేద్దామని వెళితే గుమ్మంలో కొత్తవాళ్లు. "ఆ పరీక్షకి నేర్పే మాస్టారు మీరేనా? మీ దగ్గర చదివినవాళ్లందరూ పాసయ్యారట కదా, ఫీజెంత?" అన్నారు. నా సంగతి వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

ఇట్లు,
మీ బావ

తా.క.: తమ్ముడూ, ఇది నేను, అక్కని. కవరు అంటించేలోగా లాక్కుని రాస్తున్నాను. నాకు చదవడం వచ్చింది గానీ, పిల్లలకి చెప్పడం చేతకాదురా. సోమవారమే మొదటి క్లాసు. ఇక లాభం లేదని మీ బావనే అడిగాను. మొదటి రోజు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో, అల్లరి పిల్లాణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో, అన్నం చల్లారిపోతున్నా ఆపకుండా చెప్పారు. ఆయన ముఖం అంతలా వెలగడం చూసి ఎన్నాళ్లయిందో. బదులుగా ఆ మూడు పాఠాలూ నేను చెబుతున్నాను. మళ్లీ పరీక్షకి ఆయన పేరు రాసుకో, కానీ తొందరేం లేదు. మహా మొద్దు!