పొద్దు గూకకముందే లైటు

అత్తమ్మా,

నీ సంవత్సరీకం అయిన వారానికి మన కొత్తకోట ఇంట్లోకి వైఫై వచ్చింది. వరండాలో బల్బు కూడా మార్చాం. దీనికి స్విచ్చు వేయనక్కర్లేదు, ఫోన్లో పెట్టిన వేళకు తనే వెలుగుతుంది. నువ్వుంటే ముందు దానికి దిష్టి తీసేదానివి.

రూటరు బిగించడానికి వచ్చినాయన అడిగాడు. "పొద్దు గూకంగనే ఎలిగెటట్టు పెట్టనా అక్కా?"

"గూకకముందే ఎలగాలె," అన్నాను.

"గప్పుడింక ఎలుగే ఉంటది గదక్కా!"

నీ మాటే చెప్పాను. "చీకటి ఇంట్లకొచ్చినంక లైటేస్తే ఏం లాభం?" నవ్వి, అలాగే పెట్టాడు.

నువ్వు గడియారం చూసేదానివి కాదు. వాకిలి ఊడ్చి, కాళ్లు కడుక్కుని స్విచ్చు వేసేదానివి. వెలగగానే బల్బుకు దండం పెట్టేదానివి. నీ కొడుకేమో రోజూ లోపలినుంచి, "ఇంక ఎలుగుండంగనే లైటెందుకమ్మా?" అని సణిగేవాడు. నువ్వు పోయాక ఆ లైటు ఎవరికీ గుర్తుండడం లేదు. గడప దగ్గర కాలికి దెబ్బ తగిలాకే వేసుకుంటున్నాం. అందుకే ఈ బల్బు తెప్పించాను.

ఈ సాయంత్రం నేను జొన్నరొట్టె తడుతుంటే వరండా వెలిగింది. లోపల మొహం కడుక్కుంటున్న నీ కొడుకు గట్టిగా అన్నాడు.

"ఇంక ఎలుగుండంగనే లైటెందుకమ్మా?"

వెంటనే నీళ్లు కట్టేసి, తడి మొహంతోనే వరండాలోకి వచ్చాడు.

పెనం మీద రొట్టె మాడుతున్నా, నేను పిండి చేతులతోనే బల్బుకు దండం పెట్టాను.